యాభై అయిదు డాలర్ల షూలకు అసలు ఖర్చెంత?



2024వ సంవత్సరము ఆగస్టు నెలలో ఒక శనివారము సాయంకాలము మా సంఘపు యౌవనస్థుడొకడు చేతిలో ఫోను పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. కానిస్టేబులు ఉద్యోగము కొరకు దేహదారుఢ్య పరీక్షకు తయారగుచున్న బిడ్డ. 1600 మీటర్లు పరుగెత్తవలెను. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి చెరువు కట్టమీద పరుగు సాధన చేసేవాడు. తండ్రి మా సంఘ పెద్ద. రెండెకరాల వరిచేను తప్ప వేరే ఆధారము లేదు.

వాని కష్టమేమిటంటే పాదము చాల పెద్దది. మన దుకాణములలో వాడే బ్రిటిషు కొలతలో 13వ నంబరు. పట్నములో 11 దొరికింది, ఎంతో వెదికితే 12 దొరికింది, 13 మాత్రము ఎక్కడా లేదు. 11 నంబరు షూలలోనే కాళ్లు ఇరికించుకొని పరుగెత్తగా రెండు బొటనవేళ్ల గోళ్లు నల్లబడి ఒకటి ఊడిపోయింది.

“అయ్యగారూ, ఇదిగో చూడండి. అమెరికాలో 120 డాలర్ల షూలు తగ్గింపులో 55 డాలర్లే! మన డబ్బులో 4,620 రూపాయలు. ఇక్కడ ఇదే రకము 11,000. నా సైజు కూడా ఉంది” అన్నాడు. ఆ దుకాణమువారు ఇండియాకు పంపరు. అయితే ఫార్వర్డింగు కంపెనీలని కొన్ని ఉన్నవి. అవి అమెరికాలో తమ గోదాము చిరునామాలో మనకొక నంబరు ఇస్తవి. దుకాణమువారు అక్కడికి పంపితే, వారు మన ఇంటికి పంపుదురు. ఆరెగాన్, డెలావేరు రాష్ట్రములలో అమ్మకపు పన్ను లేదు గనుక అట్టి గోదాములు అక్కడ ఎక్కువ. ఇదంతా న్యాయమైన వ్యాపారమే. వాని హైదరాబాదు స్నేహితుడు ఈ దారి చెప్పాడు.

“సరే నాయనా, కూర్చో. లెక్క వేద్దాము” అన్నాను. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు చూచుకొనవలెనని ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయములో చెప్పిన సంగతి మనమెన్నో సార్లు ప్రసంగములలో విన్నాము. కాగితము తీసికొని కూర్చున్నది మాత్రము తక్కువే.

మొదటి చిక్కు తూకము. షూల బరువు కిలో కూడా లేదు. కాని విమాన కొరియరువారు పెట్టె ఎంత చోటు పట్టునో దానినిబట్టి కూడ లెక్కకట్టుదురు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి 5,000తో భాగించగా వచ్చిన కిలోలు అసలు బరువుకంటె ఎక్కువైతే ఆ లెక్కే తీసికొందురు. వాని షూల పెట్టె 38, 25, 14 సెంటీమీటర్లు. భాగిస్తే 2.66, అంటే 3 కిలోల ధర, 38 డాలర్లు. పెట్టె పారవేసి షూలు మాత్రము సంచిలో చుట్టి పంపుమని చెప్పితే 2 కిలోల ధర, 29 డాలర్లు. ఇద్దరు ముగ్గురు కలిసి తెప్పించుకొంటే ఇంకా తగ్గును. నిజముగా డబ్బు మిగిలే ఉపాయము ఇదొక్కటే అని నాకు తోచింది.

తరువాత కస్టమ్సు సుంకము. సుంకము షూల ధరమీదనే అనుకొన్నాడు పాపము. కాదు, రవాణా ఖర్చు కూడ కలిపిన మొత్తము మీద. వ్యక్తిగత వాడుకకు కొరియరులో వచ్చే వస్తువుకు అప్పుడు మూల సుంకము 35 శాతము, దానిమీద సర్‌ఛార్జీ, ఆ మొత్తము మీద 28 శాతము ఐ.జి.ఎస్.టి. అన్నీ కలిపితే 77.28 శాతము! 55, 29 కలిపి 84 డాలర్లు. ఆనాటి ధరను బట్టి 7,056 రూపాయలు. సుంకము 5,453. కార్డు మీద డాలర్లలో కొన్నందుకు బ్యాంకువారు పట్టుకొనేది 247. మన తరపున సుంకము కట్టినందుకు కొరియరువారి రుసుము 700. వెరసి 13,456 రూపాయలు.

కుర్రవాడు చాలసేపు ఆ కాగితము వంక చూచాడు. నాలుగువేల ఆరువందల షూలు పదమూడున్నర వేలైనవి.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. “అయ్యగారూ, ఆ ఫారములో విలువ ఎంతని ఒక గడి ఉంటుందట. అక్కడ 15 డాలర్లని వేసి, ‘బహుమతి’ అని పెడితే సరిపోతుందట. అందరూ అట్లాగే చేస్తారంట.”

దానిని కూడ లెక్క వేశాను. సుంకములో మిగిలేది 2,597 రూపాయలు. ఆ అబద్ధము ఖరీదు అంతే. తిట్టలేదు. వాడు దాచకుండ చెప్పాడు. మనలో పెద్దవారే రిజిస్ట్రేషను కాగితములలో స్థలము విలువ తగ్గించి వ్రాయించుకొని ఆదివారము ముందు బెంచీలో కూర్చుండుట లేదా? తెలిసిన సంగతులు మాత్రము చెప్పాను. బహుమతి పేరుతో 5,000 రూపాయల లోపు వస్తువులను సుంకము లేకుండ రానిచ్చే సదుపాయము, రాఖీలు, ప్రాణరక్షక ఔషధములు తప్ప, 2019 డిసెంబరులోనే తీసివేసిరి. విలువ తప్పు చెప్పిన సరుకును 1962 కస్టమ్సు చట్టము ప్రకారము స్వాధీనము చేసికొనవచ్చును, జరిమానా వేయవచ్చును. పార్సిలు దారిలో పోయినయెడల 15 డాలర్లని వ్రాసినవానికి 15 డాలర్లకు మించి అడుగుటకు నోరుండదు.

ఇంకొక మాట కూడ అన్నాను. సుంకరులు అడిగినప్పుడు బాప్తిస్మమిచ్చు యోహాను వారిని ఉద్యోగము మానుమనలేదు, నిర్ణయించినదానికంటె ఎక్కువ తీసికొనవద్దన్నాడు. సుంకరికి ఒక హద్దు ఉన్నది. కట్టేవానికి కూడ హద్దు ఉండవద్దా? వాడు జవాబు చెప్పలేదు. కాగితము మడిచి జేబులో పెట్టుకొని వెళ్లాడు. పోలీసు ఉద్యోగము కొరకే ఈ షూలన్న మాట నా నోటిదాక వచ్చింది గాని అనలేదు.

ఇక్కడ ఒక విచిత్రము చెప్పవలెను. తిరుపతి జిల్లా తడ మండలములోని మాంబట్టులో అపాచీ కంపెనీవారి ఫ్యాక్టరీలో అడిడాస్ షూలు కుట్టుదురు. అక్కడ పనిచేసేవారిలో చుట్టుప్రక్కల పల్లెల ఆడబిడ్డలు ఎందరో. మన బిడ్డల చేతులమీదుగా పోయిన షూలను సముద్రము దాటించి, మరల సముద్రము మీదుగా సుంకము కట్టి తెచ్చుకొనేవారు కూడ ఉందురు గదా!

కాబట్టి మామూలు కొలత పాదము గలవారికి నా సలహా ఏమనగా, ఈ దారిలో మన దేశమునకు షూలు తెప్పించుకొని మిగుల్చుకొనేది దాదాపు లేదు. ఇక్కడ దొరకనిది దొరుకును, అంతే. ఆ తరువాత 2025 సెప్టెంబరులో జి.ఎస్.టి. 28 నుండి 18 శాతమునకు తగ్గినది, 2026 బడ్జెటులో మూల సుంకము కూడ తగ్గించుట ప్రకటించిరి. కనుక నేను చెప్పిన 2024 అంకెలు గాక, కొనేనాటి రేటు అడిగి లెక్క వేసికొనండి. కొలత కూడ జాగ్రత్త. నైకీలో మన 13 అంటే అమెరికా 14. అడిడాస్‌లో మన 8 అంటే అమెరికా ఎనిమిదిన్నర. తప్పు సైజు వస్తే తిరిగి పంపుటకు అయ్యే ఖర్చుతో ఇక్కడ ఒక జత కొనవచ్చును.

మీ పిల్లలు గల్ఫులోనో అమెరికాలోనో ఉంటే వారు సెలవులకు వచ్చేటప్పుడు సామానులో ఒక జత తెచ్చుట అన్నిటికంటె చవక. ప్రయాణికుల సామానుకు సుంకము లేని పరిమితి ఉన్నది. దానికి లోబడితే చాలు. మా కుర్రవానికి అట్టివారెవరును లేరు.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. “మీ పార్సిలు కస్టమ్సులో ఆగినది, ఈ ఖాతాకు డబ్బు పంపండి” అని ఫోను వస్తే పంపవద్దు. కస్టమ్సు అధికారులు వ్యక్తుల ఖాతాలకు డబ్బు వేయుమని ఫోనులో అడగరు. కొరియరువారు ఆధార్ వంటి గుర్తింపు కాగితము అడుగుట మాత్రము నిజమే. దానిని వారి అసలు వెబ్‌సైటులోనే ఇవ్వండి.

రెండు వారముల తరువాత ఆ బిడ్డ తండ్రి వచ్చాడు. వరి కోతల డబ్బుకు ఇంకా ఆలస్యమున్నది, ఒక గొర్రెను అమ్మానని చెప్పాడు. “వాడు 55 డాలర్లే వేశాడు అయ్యగారూ” అన్నాడు. అంతకు మించి ఆ విషయము మేమిద్దరము మాట్లాడుకొనలేదు.

అక్టోబరు మొదటివారములో కొరియరు కుర్రవాడు దారి తెలియక మా చర్చి గేటువద్ద బండి ఆపాడు. నేనే వెంటబెట్టుకొని వారింటికి తీసికొనిపోయాను. సుంకము, రుసుము కలిపి 6,153 రూపాయలు తల్లి కొంగుముడి విప్పి రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది. కుర్రవాడు అరుగుమీదనే కూర్చుండి షూలు తొడుగుకొని లేచి నిలబడి, వ్రేళ్లు లోపల కదలించి చూచుకొన్నాడు.