కాలి కింద పెడల్: అపోహలు – వాస్తవాలు

2016 అక్టోబరు 11న ఉమ్మడి పాలమూరు నుంచి విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో డ్రైవరు కాలికి మూడు రకాల పరీక్షలుంటాయి. కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి చౌరస్తా, అలంపూర్ చౌరస్తా మీదుగా కర్నూలుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారిలో వేగంతో పరీక్ష. మన్ననూరు, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట దాటి శ్రీశైలం డ్యాం వైపు దిగే నల్లమల దారిలో వాలుతో పరీక్ష. ఇక ఊళ్ల మధ్య రోడ్ల మీద పత్తి, వేరుశనగ, వడ్లు నింపుకొని వచ్చే ట్రాక్టరు ట్రాలీలో బరువుతో పరీక్ష. మూడు చోట్లా బండి మన మాట వినాలంటే కాలి కింది పెడల్ సంగతి తెలిసి ఉండాలి. పెడళ్ల గురించి నోటి మాటగా తిరిగే సలహాల్లో కొన్ని పాత బండ్ల కాలంలో నిజమే. కొన్ని ఏ కాలంలోనూ నిజం కావు. మరికొన్ని ప్రాణం తీసేవి.

అపోహ: కొత్త కార్ల పెడళ్లు సెల్‌ఫోన్ తెరలాంటివి, కాలు తాకితే చాలు బండి కదులుతుంది.

మన రోడ్ల మీద తిరిగే బండ్లలో ఏ పెడలూ చర్మపు స్పర్శను గుర్తించదు. ఫోన్ తెర వేలికున్న విద్యుత్ స్వభావాన్ని పసిగట్టి పనిచేస్తుంది. మధ్యలో చెప్పు అట్టో బూటు తోలో అడ్డొస్తే ఆ పద్ధతి నమ్మకంగా పనిచేయదు. వాహనం నడపడానికి అలాంటిది పనికిరాదు.

మారిందేమిటంటే, పెడల్‌కీ ఇంజనుకీ మధ్య ఉండే తీగ పోయింది. అంబాసిడర్, పాత జీపుల్లో యాక్సిలరేటర్ తొక్కితే తీగో కడ్డీయో వెళ్లి కార్బురేటర్‌ని తెరిచేది. ఇప్పటి కార్లలో పెడల్ దగ్గర సెన్సర్ ఉంటుంది. పెడల్ ఎంత దూరం కదిలిందో అది కొలిచి కంప్యూటర్‌కి చెబుతుంది. ఒక్క సెన్సర్ మాట మీద కంప్యూటర్ బండిని కదలనివ్వదు. రెండు వేర్వేరు సంకేతాలు వస్తాయి, వాటి మధ్య ఉండాల్సిన నిష్పత్తి ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ లెక్క తప్పిందంటే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలుగుతుంది, ఇంజను శక్తిని కంప్యూటర్ తగ్గించేస్తుంది. అప్పుడు బండి మెల్లగా మాత్రమే నడుస్తుంది. డ్రైవర్లు దీన్ని ‘పికప్ పోయింది’ అనుకుని డీజిల్ ఫిల్టర్ మార్పించుకుంటారు. లైటు వెలిగి ఉంటే ముందు స్కానర్ పెట్టి చూపించుకోవడం మేలు.

పెడల్ తొక్కుతుంటే కాలికి ఎదురొచ్చే బిగువు కూడా ఇప్పుడు ఇంజను నుంచి రావడం లేదు. పాదానికి అందాజు దొరకాలని కంపెనీవాళ్లు స్ప్రింగులతో దాన్ని కావాలని అమర్చారు. స్పర్శ తెలిసేది అరికాలికే. ఈ వ్యాసంలో మిగతా విషయాలన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

బంపర్ కింద కాలు ఊపితే డిక్కీ తెరుచుకునే ఏర్పాటు కొన్ని ఖరీదైన కార్లలో ఉంది. అందులో నిజంగానే కాలి కదలికను పసిగట్టే సెన్సర్లుంటాయి. తాళంచెవి దగ్గర్లో లేకుండా ఎవరు కాలు ఊపినా డిక్కీ తెరుచుకోదు. అయినా కాలితో నడిచే స్విచ్చులు మనకు కొత్తేమీ కాదు. అంబాసిడర్‌లో లైటు డిమ్ చేసే డిప్పర్ స్విచ్ క్లచ్ పక్కన నేల మీదే ఉండేది.

అపోహ: అంతా కంప్యూటరే కదా, బండి దానంతటదే దూసుకుపోతుంది.

‘బ్రేకు మీదే కాలు పెట్టాను, బండి ఉరికింది’ అనే మాట ప్రమాదాల తర్వాత తరచూ వినిపిస్తుంది. చెప్పేవాళ్లు అబద్ధమాడరు, వాళ్లకు అలాగే అనిపిస్తుంది. 1980లలో అమెరికాలో ఆడి 5000 కార్ల మీద ఇలాంటి ఫిర్యాదులు వెల్లువెత్తితే, అక్కడి రహదారి భద్రతా సంస్థ పరిశీలించి 1989లో నివేదిక ఇచ్చింది. ఎక్కువ భాగం ఘటనల్లో డ్రైవర్లు బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కారని తేల్చింది. 2009లో కాలిఫోర్నియాలో లెక్సస్ కారు ప్రమాదంలో నలుగురు చనిపోయారు. వేరే మోడల్‌కి చెందిన మ్యాట్ యాక్సిలరేటర్‌ని నొక్కి పట్టడమే అక్కడ కారణం. ఆ తర్వాత లెక్సస్ తయారీదారు టయోటా లక్షలాది కార్లను వెనక్కి పిలిచింది. నాసా ఇంజనీర్లు వాటి ఎలక్ట్రానిక్స్‌ని శోధించి, కారు అదుపు తప్పి దూసుకుపోయేంత లోపం అందులో దొరకలేదని 2011లో చెప్పారు. 2013లో ఓక్లహోమా జ్యూరీ మాత్రం ఒక ప్రమాదానికి ఆ కంపెనీ ఎలక్ట్రానిక్స్‌నే తప్పుపట్టింది. కాబట్టి యంత్రం ఎన్నడూ తప్పు చేయదని నేననను. మన దగ్గర మాత్రం కంప్యూటర్ కన్నా ముందు అనుమానించాల్సింది జారే మ్యాట్‌నీ, సీటు కిందినుంచి దొర్లి బ్రేకు పెడల్ వెనక ఇరుక్కునే నీళ్ల సీసానీ. మ్యాట్ మీద మ్యాట్ వేయకండి. కింద బిగించే కొక్కేలుంటే తప్పక బిగించండి.

పెడల్ పొరపాటు ఎంత పెద్ద సమస్యంటే, 2028 సెప్టెంబరు నుంచి కొత్త ఆటోమేటిక్ కార్లలో దాన్ని ఆపే పరికరం ఉండి తీరాలని జపాన్ నిర్ణయించింది. ఆటోమేటిక్ కొన్నవాళ్లు రెండు పెడళ్లకీ కుడికాలే వాడాలి. ఎడమకాలు క్లచ్ అలవాటుతో బ్రేకుని గట్టిగా తొక్కేస్తుంది.

బండి నిజంగానే వేగం పుంజుకుంటే బ్రేకుని ఒక్కసారి గట్టిగా తొక్కి అలాగే పట్టండి. కొట్టి కొట్టి వదలకండి. యాక్సిలరేటర్ తెరుచుకుని ఉన్నప్పుడు పెట్రోల్ ఇంజనులో బ్రేకు బూస్టర్‌కి అందే వ్యాక్యూమ్ తగ్గుతుంది. రెండు మూడు సార్లు తొక్కి వదిలితే ఉన్నది కాస్తా అయిపోయి పెడల్ రాయిలా బిగుస్తుంది. బ్రేకు పట్టుకునే గేరు న్యూట్రల్‌కి తెచ్చి, పక్కకు ఆపి, ఆ తర్వాతే ఇంజను ఆపాలి.

అపోహ: ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలితే డీజిల్ మిగులుతుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టేది ఇదే. నల్లమల దారిలో దీన్ని పాటించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇప్పటి ఇంజన్లలో గేరు ఉండగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే కంప్యూటర్ ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజనుని తిప్పుతుంటాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి ఇంధనం పోయాల్సిందే. అంటే న్యూట్రల్‌లో దిగేవాడికే ఖర్చెక్కువ. కార్బురేటర్ కాలంలో కొంత ఆదా ఉండేదేమో, అది పోయింది.

ఆదా సంగతి పక్కన పెట్టినా, న్యూట్రల్ వేస్తే ఇంజను చేసే బ్రేకు పని ఆగి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కుతాయి, కాలిన వాసన వస్తుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తాజా డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం, తేమ చేరాక ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. ఆయిల్ మరిగితే గొట్టాల్లో బుడగలు పుడతాయి. అప్పుడు పెడల్ మెత్తగా నేల దాకా వెళ్లిపోతుంది, బండి మాత్రం ఆగదు. ‘బ్రేకులు ఫెయిలయ్యాయి’ అని మనం చదివే వార్తల్లో కొన్నిటి వెనక రెండేళ్లకోసారి మార్చాల్సిన బ్రేక్ ఆయిల్‌ని మార్చకపోవడం ఉంటుంది.

ఇంకా ప్రమాదకరమైనది ఇంజనే ఆపేసి దిగడం. ఇంజను ఆగితే బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ ఒకటి రెండు బ్రేకులకే సరిపోతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది. తాళంచెవి తీశారంటే స్టీరింగ్ లాక్ పడొచ్చు. బస్సులు, లారీల్లో డ్రైవరు పెడల్‌తో వదిలేది గాలిని. ఊరికే తొక్కి వదులుతుంటే ట్యాంకులో గాలి తరిగిపోతుంది, దాన్ని నింపే కంప్రెసర్ ఇంజను నడుస్తుంటేనే పనిచేస్తుంది. గాలి తగ్గిన బజర్ మోగితే ఆగిపోవాల్సిందే.

పాత లారీ డ్రైవర్లు చెప్పే ‘ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి’ అన్న మాట ఇప్పటికీ సరైనదే. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది కాబట్టి గేటు పడేలోపు దాటాలన్న తొందర ఈ దారిలో ఎప్పుడూ ఉంటుంది. ఆ తొందర రెండో గేరులో దిగే ఓపికని మింగేయకూడదు. ఎలక్ట్రిక్ కార్లవాళ్లకు ఒక ప్రత్యేక సూచన: కాలు తీయగానే బండిని నెమ్మదింపజేసి బ్యాటరీ నింపే ఏర్పాటు, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు సరిగా పనిచేయదు. వాలు మొదలయ్యే ముందు 100 శాతం చార్జింగ్ పెట్టుకోకండి.

అపోహ: బ్రేకు తొక్కితే పెడల్ గడగడలాడుతోంది, ఏదో చెడిపోయింది.

అది ఏబీఎస్ పనిచేస్తున్న గుర్తు. చక్రం బిగుసుకుపోయి జారకుండా అది సెకనుకు ఎన్నోసార్లు బ్రేకుని వదిలి పట్టుకుంటుంది, ఆ కదలికే అరికాలికి తెలుస్తుంది. భయపడి కాలు తీయడమే తప్పు. గట్టిగా తొక్కి ఉంచి స్టీరింగ్ తిప్పి తప్పించుకోవాలి, ఏబీఎస్ ఇచ్చే అసలు వరం అదే. దూరం తప్పక తగ్గుతుందని మాత్రం అనుకోకండి. కంకర, మట్టి రోడ్ల మీద ఏబీఎస్ ఉన్న బండి ఇంకాస్త ముందుకెళ్లి ఆగొచ్చు.

బైకుల దగ్గరా ఇలాంటి భయం ఉంది. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామని కాలి బ్రేకునే నమ్ముకుంటారు. బ్రేకు పడగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, ఆపే శక్తిలో ఎక్కువ వాటా దానిదే. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్, అంతకు లోపలివాటికి కనీసం రెండు చక్రాలకూ కలిసి పడే బ్రేకు తప్పనిసరి. అందుకే కొత్త చిన్న బైకుల్లో కాలి బ్రేకు తొక్కినా ముందు చక్రానికి కొంత అందుతుంది. కొంతే సుమా, చేతి బ్రేకు కూడా కలపాలి.

అపోహ: ట్రాక్టరుకు రెండు బ్రేకులున్నాయి, ఏది తొక్కినా ఆగుతుంది.

ట్రాక్టరులో కుడివైపున పక్కపక్కనే ఉండే రెండు పెడళ్లలో ఒకటి ఎడమ వెనక చక్రానికి, రెండోది కుడి వెనక చక్రానికి. చేను చివర గట్టు దగ్గర చిన్న జాగాలో మలుపు తీసుకోవడానికే అవి విడివిడిగా ఉంటాయి. రోడ్డెక్కగానే వాటిని కలిపే కొక్కెం బిగించాలి. బిగించకుండా వేగంలో ఒక్కదాన్నే తొక్కితే ఒక చక్రం ఆగి, రెండోది పరుగెత్తి ట్రాక్టరు పక్కకి గిర్రున తిరుగుతుంది, బోల్తా పడుతుంది. దుక్కి నుంచి నేరుగా రోడ్డెక్కే తొందరలో మరిచిపోయేది ఈ చిన్న ఇనుప ముక్కనే.

వెనక ట్రాలీ ఉంటే సంగతి మరీ కఠినం. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులుండవు. విత్తన పత్తి బస్తాలో వడ్లో నింపిన ట్రాలీ వాలులో ట్రాక్టరుని వెనకనుంచి తోస్తుంది. అప్పుడు క్లచ్ తొక్కితే ఇంజను పట్టు పోయి ఆ తోపు ఇంకా పెరుగుతుంది. కాలువ కట్ట దిగేటప్పుడైనా చెరువు కట్ట దిగేటప్పుడైనా తక్కువ గేరులో, క్లచ్ ముట్టకుండా దిగాలి. చేతి థ్రాటిల్ పూర్తిగా తగ్గించి ఉండాలి, లేకపోతే కాలు తీసినా ఇంజను వేగం తగ్గదు. మడమతో నొక్కే డిఫరెన్షియల్ లాక్ బురదలో కూరుకుపోయినప్పుడే, రోడ్డు మీద అది పడితే స్టీరింగ్ తిప్పినా ట్రాక్టరు తిరగదు.

క్లచ్ తొక్కితే రోటవేటర్ ఆగిపోతుందన్న నమ్మకం కూడా సరికాదు. రెండంచెల క్లచ్ ఉన్న ట్రాక్టర్లలో సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, పూర్తిగా తొక్కితేనే రోటవేటర్‌ని తిప్పే పీటీఓ ఆగుతుంది. బ్లేళ్లకు చుట్టుకున్న కట్టెని తీయాలంటే ఇంజను ఆపి, బ్లేళ్లు తిరగడం మానాకే దిగండి.

అపోహ: చెప్పులతో కారు నడిపితే జరిమానా.

అలాంటి నిబంధనేమీ లేదని 2019 సెప్టెంబరులో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ కార్యాలయమే ప్రకటించింది. లుంగీ మీద, పొట్టి చేతుల చొక్కా మీద కూడా జరిమానా లేదంది. నేరం కాకపోయినంత మాత్రాన వదులు హవాయి చెప్పులు మంచివని కాదు. వెనక పట్టీ లేని చెప్పు జారి బ్రేకు కింద చేరుతుంది. లావు అట్ట బూటు తొడిగితే పెడల్ అందాజు పాదానికి అందదు. వెనక పట్టీ ఉండి, పలుచటి అట్ట ఉన్న చెప్పు మేలు.

అపోహ: కాలు లేనివాళ్లకు లైసెన్సు రాదు.

వస్తుంది. అవసరానికి తగ్గట్టు మార్చిన వాహనాన్ని మోటారు వాహనాల చట్టం గుర్తిస్తుంది. బ్రేకు, యాక్సిలరేటర్ చేతికి వచ్చేలా మార్చుకోవచ్చు. మార్పుని రిజిస్ట్రేషన్‌లో నమోదు చేయించుకోవాలి. ఆ పని నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల రవాణా కార్యాలయాల్లోనే ఆరంభించవచ్చు.

కాళ్లు ఉండీ స్పర్శ పోయినవాళ్ల గురించే మనం మాట్లాడుకోవడం లేదు. ఏళ్ల తరబడి షుగరున్నవారిలో అరికాళ్లు తిమ్మిరెక్కి మొద్దుబారతాయి. కాలు ఏ పెడల్ మీద ఉందో, ఎంత గట్టిగా తొక్కుతోందో కళ్లతో చూస్తే తప్ప తెలియని స్థితి రావచ్చు. ఏబీఎస్ వణుకు గానీ, ఘాట్‌లో మెత్తబడుతున్న బ్రేకు గానీ వాళ్లకు అందదు. ‘నలభై ఏళ్లుగా నడుపుతున్నాను, నాకేమవుతుంది’ అన్న ధైర్యం ఇక్కడ పనిచేయదు. 40 ఏళ్లు దాటినవారు లైసెన్సు రెన్యువల్‌కి ఫారం 1ఎ మీద డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి. మొక్కుబడిగా సంతకం పెట్టించుకోకండి. మీ పాదాలకు చెప్పు జారిపోయినా తెలియడం లేదంటే ఆ మాట డాక్టరుకు చెప్పి, పరీక్ష చేయించుకున్నాకే స్టీరింగ్ ముందు కూర్చోండి.