చిన్న కుక్కకి మళ్ళీ టీకానా? ముందు రక్తాన్ని అడుగుదాం

పల్లెటూళ్ళో పుట్టినవాడికి టీకాలు కొత్త కాదు. పశువుల డాక్టరు గారు వస్తున్నారంటే తెల్లవారకముందే గొడ్లని చెట్టుకింద కట్టేసేవాళ్ళం. గాలికుంటుకి ఒక సూది, గొంతువాపుకి ఒక సూది. కాని వాకిట్లో పడుకునే కుక్కకి సూది వేయించినవాళ్ళని మావూళ్ళో నేను చూళ్ళేదు. పట్నం వచ్చాక చూస్తే వ్యవహారం తలకిందులు. నాలుగు కిలోల పొమేరియన్‌కి ఒక పుస్తకం, అందులో ఏటేటా స్టాంపులు! ఇన్ని సూదులు అవసరమా అని ఇంటివాళ్ళు అడగటం సబబే.

కుక్కపిల్లకి ముఖ్యంగా మూడు వైరస్ జబ్బులకి టీకా వేస్తారు: డిస్టెంపర్, పార్వో, కాలేయాన్ని పట్టే అంటు హెపటైటిస్. పార్వో 1978లో ప్రపంచం మీద పడిన కొత్త రోగం. రక్త విరేచనాలతో పిల్లలు రెండుమూడు రోజుల్లోనే పోవచ్చు. తల్లి జున్నుపాలతో వచ్చిన యాంటీబాడీలు మొదటి వారాల్లో పిల్లని కాపాడతాయి గాని, అవే టీకానీ పనిచెయ్యనివ్వవు. అందుకే 16 వారాలు నిండేదాకా విడతలుగా వేస్తారు. ఇక్కడ వాదన లేదు. వాదనంతా కుక్క ఎదిగాకే. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ షుల్జ్ చేసిన పరిశోధనల్లో ఈ మూడింటికీ రక్షణ ఏడేళ్ళూ ఆ పైనా నిలిచినట్టు తేలింది. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం కూడా ఎదిగిన కుక్కకి మూడేళ్ళలోపు ఇవి మళ్ళీ వెయ్యనక్కర్లేదంటోంది.

చిన్న జాతులకి ఇంకో చిక్కుంది. ఆల్సేషన్‌కీ పొమేరియన్‌కీ మందు మోతాదు ఒక్కటే. 2005లో అమెరికాలో 12 లక్షలకి పైగా కుక్కల లెక్కలు చూస్తే, టీకా వేసిన మూడు రోజుల్లో పదివేలకి సుమారు 38 కుక్కలకి వికటించింది. బరువు తగ్గేకొద్దీ ప్రమాదం పెరిగింది. ఒకేసారి ఎక్కువ టీకాలు వేస్తే మరీను. సంఖ్య చిన్నదే, భయపడి టీకా మానేయవలసినంత కాదు. కాని మా బంధువులింట్లో కుక్క మూతి గంటలో బూరెలా వాచినప్పుడు ఆ 38లో ఒకటి తమదేనని వాళ్ళకి తెలిసొచ్చింది. పోనీ సగం మందు వేద్దామా అంటే అదీ కుదరదు. రోగనిరోధక శక్తిని మేల్కొలపడానికి కావలసిన మోతాదు కిలోల లెక్కన తగ్గదు.

ఇక పరీక్ష. పార్వో వైరస్ పంది ఎర్ర రక్తకణాల్ని పట్టుకుని ముద్దకట్టిస్తుంది. కుక్క రక్తంలోని సీరమ్‌ని వరసగా 10 రెట్లు, 20, 40, 80 ఇలా పలచన చేసి గుంటల పలకలో పోస్తారు. తర్వాత వైరస్, ఆపైన రక్తకణాలు. యాంటీబాడీలుంటే వైరస్ చేతులు కట్టేస్తాయి. కణాలు గుంట అడుగున ఎర్రని గుండీలా దిగుతాయి. లేకపోతే పల్చని తెరలా పరుచుకుంటాయి. గుండీ కనబడ్డ చివరి గుంటే మనకి కావలసిన అంకె. పార్వోకి 80, ఆ పైన వుంటే రక్షణ వున్నట్టు సాధారణంగా లెక్క. కోళ్ళ కొక్కెర తెగులు టీకా పట్టిందో లేదో చూసేదీ ఈ కిటుకుతోనే, కోడి రక్తకణాలతో! డిస్టెంపర్‌కి ఈ పద్ధతి పనికిరాదు. పెంచిన కణాల మీద వైరస్‌ని వదిలి చూడాలి. కొన్ని చుక్కల రక్తంతో అరగంటలోపే మూడూ చూసే కిట్లూ వచ్చాయి. అయితే పరీక్ష ఖరీదు తరచు టీకా ఖరీదుని మించుతుంది.

యాంటీబాడీ వుందని తేలితే ఆ సూది వాయిదా వెయ్యొచ్చు. లేదని తేలితే రక్షణ లేదనే కాదు, జ్ఞాపక కణాలు మిగిలి వుండొచ్చు. వున్నాయో లేదో ఈ పరీక్ష చెప్పలేదు కనుక టీకా వేయించడమే మేలు.

ఎలుకల మూత్రంతో నీళ్ళలో చేరే లెప్టోకి మాత్రం ఈ లెక్క చెల్లదు. అది బాక్టీరియా, యాంటీబాడీ అంకెకీ రక్షణకీ పొంతన వుండదు, టీకా బలం ఏడాదికే తగ్గుతుంది. వరిచేల పక్కన తిరిగే కుక్కకి ఏటా వెయ్యాల్సిందే. కొన్ని టీకాల్లో వైరస్‌ల పొడి ఒక సీసాలో, లెప్టో ద్రవం వేరే సీసాలో వుంటాయి. డాక్టరు గారినడిగితే ద్రవం ఒక్కటే వేసే వీలుండొచ్చు. రేబిస్ సంగతి మరీ వేరు. కుక్కతో ఐరోపా వెళ్ళేవాళ్ళు టీకా వేయించిన 30 రోజుల తర్వాత రక్తమిచ్చి, మిల్లీలీటరుకి 0.5 యూనిట్లయినా వున్నట్టు చూపించాలి. ఆ కాగితం చేతిలో వున్నా, టీకా గడువు దాటకుండా మళ్ళీ వేయించవలసిందే.