గొంతులు ఎన్ని, వరుసలు ఎన్ని?

బాన్సువాడ చుట్టుపక్కల నిజాంసాగర్ కాలువ కింది పొలాల్లో నాట్లప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్లు అందుకోవడం నేను చాలాసార్లు విన్నాను. ఆ పాటను తలచుకుని, ఒక కథాసంపుటి సమీక్షలో "ఇది బహుస్వర రచన" అని రాశాను. సంగీతం తెలిసిన మిత్రుడొకరు నవ్వి, "గొంతులు లెక్కపెట్టావు, వరుసలు లెక్కపెట్టలేదు" అన్నాడు.

ఆయన మాట నిజం. పదిహేను మంది పాడినా అక్కడ నడిచేది ఒకే వరుస. దీన్ని మోనోఫొనీ అంటారు. మన కచేరీ కూడా ప్రధానంగా ఇదే: కింద తంబురా శ్రుతి, పక్కన గాయకుణ్ణి అనుసరించే వయొలిన్. పాలీఫొనీలో అలా కాదు. బాఖ్ (1685-1750) ఫ్యూగ్‌లో మొదటి గొంతు ఎత్తుకున్న ముక్కను రెండోది మరో స్థాయిలో అందుకుంటుంది. అప్పటికి మొదటిది ఆగిపోదు, దానికి ఎదురుగా తన దారిన తాను నడుస్తుంది. ఏది పాట, ఏది వంత అని తేల్చలేం. (మనకు స్వరమంటే సరిగమల్లో ఒకటి గనుక "బహుస్వర" అన్న అనువాదంలోనే సగం గందరగోళం ఉంది.)

మరి బుర్రకథ? నాజర్ తీర్చిదిద్దిన ఆ రూపంలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. సంగీతపరంగా అది పాలీఫొనీ కాదు, ఒకరి తర్వాత ఒకరు అందుకుంటారు. కానీ హాస్యగాడి సందేహానికి కథకుడు జవాబు చెప్పి తీరాలి. సాహిత్యానికి పనికొచ్చే కీలకం ఇక్కడుంది.

1929లో దొస్తోయెవ్‌స్కీ మీద రాసిన పుస్తకంలో బఖ్తిన్ ఈ మాటను సంగీతం నుంచి తెచ్చుకున్నాడు, ఉపమానంగానే. పాత్రలు ఎక్కువైతే చాలదు. పాత్ర చైతన్యం రచయిత తీర్పుకు లొంగకుండా, దానికి సాటిగా నిలబడాలి.

నేను సమీక్షించిన సంపుటిలో కూలీ, కౌలురైతు, పంతులు అందరూ రచయిత వాక్యమే మాట్లాడతారు. సమ్మె మీద అనుమానమున్న ఒక్క ముసలామె కూడా చివరి పేజీలో ఉన్నట్టుండి మారిపోతుంది. ఆమె పిల్లల ఆకలి గురించి అడిగిన ప్రశ్నకు కథలో ఎవరూ జవాబు చెప్పలేదు. ఒంటి వరుస లోపమని నేననను. అందరి చేతులూ ఒకే లయలో కదలాల్సిన మడిలో అదే కావాలి. అయితే ఆ ప్రశ్నను మింగేసిన కథను బహుస్వరమని మెచ్చుకోవడం విమర్శ కాదు.

నా ప్రతిలో ఆ మాట కొట్టేసి "బృందగానం" అని రాసుకున్నాను.