కొరియా భోజనానికి వెళ్ళే ముందు

ఈ మధ్య ఓ.పి.లో డైట్ గురించి చెప్పేటప్పుడు తల్లులు ఒక కొత్త ప్రశ్న వేస్తున్నారు. "సిస్టర్, పిల్లలు కొరియా తిండికి పోదామంటున్నరు. నాకు బి.పి. ఉంది, తినొచ్చా?" అని. రుచి చూడని దాని మీద సలహా చెప్పడం బాగుండదు. అందుకని ఒక ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ ఇబ్రహీంపట్నం నుండి సాగర్ రోడ్డు మీదుగా నగరానికి వెళ్ళి, పిల్లలతో కూర్చోవడానికి వీలుగా ఉన్న ఒక చిన్న కేఫ్‌లో మొదటిసారి కొరియా భోజనం చేశాము.

కొరియా వంట తెలుగు నేలకు మరీ కొత్తదేమీ కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ప్రారంభమైంది. ఆ పని మీద వచ్చిన కొరియా వారి కోసం ఆ ప్రాంతంలో వారి భోజనశాలలు కూడా వెలిశాయి. ఇక మన పిల్లలకైతే టీవీలో, ఫోనులో చూసే కొరియా సీరియళ్ళే చాలు.

ముందుగా మేము చేసిన పొరపాటు చెప్పాలి. మా అత్తగారికి షుగరు ఉంది, గ్లిమెపిరైడ్ మాత్ర వాడతారు. ఆ రోజు రాత్రి మాత్రను కారెక్కే ముందే ఇంట్లో వేసుకున్నారు. ఆమెను అడగాలని మాకు తోచలేదు. దారిలో ట్రాఫిక్, వెళ్ళాక ఖాళీ బల్ల కోసం ఎదురుచూపు, ఆపైన వంట ఆలస్యం. ఎనిమిదిన్నర దాటినా అన్నం రాలేదు. చిన్న గిన్నెల్లో కిమ్చి మాత్రం వచ్చింది. కొరియా వారి ఇనుప పుల్లలతో ఆమె ఒక ముక్క తీయబోతుంటే చెయ్యి వణికింది. పుల్లలు పట్టడం రాక అనుకుని పిల్లలు నవ్వారు, వారితో పాటు మేమూ నవ్వాము. తీరా చూస్తే నుదుటి మీద చెమట. ఎ.సి.లో కూర్చున్న మనిషికి చెమట ఏమిటి?

షుగరు పడిపోయింది. వెంటనే నీళ్ళలో నాలుగు టీ స్పూన్ల పంచదార కలిపి తాగించాము. పావుగంటకు తేరుకున్నారు. ఆ పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ అంతే పంచదార ఇవ్వాలి, అప్పటికీ తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తేరుకున్నాక తప్పక భోజనం పెట్టాలి. స్పృహ లేని వారి నోట్లో ఏమీ పోయకూడదు. చాక్లెట్టు పనికిరాదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. డైట్ కూల్‌డ్రింకులో చక్కెరే ఉండదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గానీ, భోజనం ముందు ఇన్సులిన్ గానీ తీసుకునేవారు బయటికి వెళ్ళినప్పుడు మందు వెంట తీసుకెళ్ళి, భోజనం బల్ల మీదికి వచ్చాకే తీసుకోవాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఇలా జరగడం అరుదు. ఏళ్ళ తరబడి రోగులకు మేము చెబుతూ వచ్చిన మాటే ఇది.

ఇక భోజనం సంగతి. మనకు ఊరగాయ ఎలాగో వారికి కిమ్చి అలాగ. ఒక రకం క్యాబేజీని ఉప్పులో నానబెట్టి, కడిగి, కారం, వెల్లుల్లి, అల్లం పట్టించి పులియబెడతారు. చలికాలం ముందు అందరూ కలిసి కిమ్చి పెట్టుకునే వారి ఆచారాన్ని 2013లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. అత్తగారు ఒక ముక్క నమిలి, "ఉప్పూ కారం సరే, నూనె పోయడం మరిచినట్టున్నారమ్మా" అన్నారు. నిజమే, కిమ్చిలో నూనె పోయరు. పెరుగులో ఉండే జాతి సూక్ష్మజీవులు ఇందులోనూ ఉంటాయి. అయితే ఉప్పు సంగతి మరువకూడదు. వంద గ్రాముల కిమ్చిలో సోడియం సుమారు 500 మిల్లీగ్రాములు. రోజు మొత్తానికి 2,000 మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బి.పి. ఉన్నవారు రెండు మూడు ముక్కలతో ఆపి, పులుసులు గిన్నె ఎత్తి తాగకుండా ఉంటే మంచిది. కిమ్చిలో తరచుగా చేపల సాసు గానీ ఉప్పు రొయ్యలు గానీ కలుపుతారు. రొయ్యలు పడనివారు, శాకాహారులు ముందే అడగాలి.

మాకందరికీ నచ్చింది బిబిమ్‌బాప్. బాప్ అంటే అన్నం, బిబిమ్ అంటే కలపడం. పాలకూర, క్యారెట్టు, మొలకలు, గుడ్డు వేడి అన్నం మీద విడివిడిగా పేర్చి ఇస్తారు, మనం కారపు ముద్దతో కలుపుకోవాలి. కూరలు ఎక్కువ, అన్నం సగం ఇవ్వమంటే షుగరు వారికీ బాగానే ఉంటుంది. ఆ కారపు ముద్దలో తీపి కూడా ఉంటుంది కనుక ఒక చెంచా చాలు. గుడ్డు కొన్నిచోట్ల పచ్చిగా వేస్తారు. గర్భిణులు బాగా ఉడికించి ఇమ్మనాలి. గుండె కవాటం మార్పించుకుని వార్ఫరిన్ గానీ ఎసిట్రోమ్ గానీ వాడేవారు పాలకూర, క్యాబేజీ ఒక్క పూటే ఎక్కువగా తినకూడదు. వాటిలోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది.

తొక్‌బొక్కి అనే బియ్యప్పిండి ముక్కలు జిగటగా సాగుతాయి. చిన్న పిల్లలకు, కట్టుడు పళ్ళ వారికి గొంతులో అడ్డుపడవచ్చు. బాగా చిన్నగా కోసి పెట్టండి.

కేఫ్ కంటే మా భయం కొరియా నూడుల్స్ పొట్లాల మీదే. ఒక్క పొట్లంలోనే రోజుకు సరిపడా సోడియం దాదాపుగా ఉండే రకాలు ఉన్నాయి. మూడు రకాలలో కారం మరీ ఎక్కువైందని 2024 జూన్‌లో డెన్మార్క్ ప్రభుత్వం దుకాణాల నుండి వెనక్కి తెప్పించింది, తరువాత రెండింటిని తిరిగి అనుమతించింది. గుంటూరు కారం తిన్నవాళ్ళం మనకేమిటని పిల్లలు పందేలు వేసుకుని తినడం మంచిది కాదు. మసాలా పొట్లం సగమే వేసి, ఒక గుడ్డు, కాసిన్ని కూరగాయలు కలిపి వండితే కొంత నయం.

అత్తగారు పుల్లలు పక్కన పెట్టి, చెంచాతో సగం గిన్నె తిన్నారు. చివరికి పెరుగు అడిగారు. లేదన్నారు. ఈసారి చేతిసంచిలో మాత్రతో పాటు పెరుగు డబ్బా కూడా పెట్టుకుని వస్తానని ఇల్లు చేరేవరకూ అంటూనే ఉన్నారు.