ఎయిడ్సు ప్రచారము – మన గృహములు

శీర్షికను జూచి పుట మరలింపవలదని నా మనవి. ఇట్టి విషయము కుటుంబపత్రికలో నేలయని మీలో గొందరికి దోపవచ్చును. నాలుగు నెలల క్రిందట నాకును నట్లే తోచినది. డిశంబరు 1వ తేదీని ప్రపంచమంతటను 1988 మొదలు ఎయిడ్సు దినముగా పాటించుచున్నారు. ఆ దినమునకై మా యూరి ఆరోగ్యకేంద్రమువారు చుట్టుప్రక్కల పండ్రెండు గ్రామములలో ప్రచారము సేయదలచి, స్త్రీలతో మాటలాడుటకొక చిన్న సంఘమును గూర్చిరి. మావారు బడిపంతులగుటచే నన్నును బిలిచిరి. ఏమని మాటలాడుదునని సంకోచించుచునే వెళ్లితిని.

2003 ప్రాంతమున మన గోడలమీద “పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?” అని పెద్ద యక్షరములతో వ్రాసియుండుట మీలో బెక్కురకు జ్ఞాపకముండును. నేనప్పుడు చిన్నదానను, తాతగారియొద్ద భారతము చదువుకొనుచుంటిని. బస్సు కిటికీనుండి యా వ్రాత జూచి యర్థమడుగగా, తాతగారు కొంతసేపూరకుండి “నిన్నటి పద్యమప్పగింపుము” అనిరి. ఆ ప్రకటన చేసినవారు తెలివిగలవారు. ముందు ప్రశ్న మాత్రమే వ్రాసి జనులచేత మాటలాడించిరి. పులిరాజా యెవడని యూరూర వాదములు జరిగినవి. కాని యది మగవారితో జెప్పిన మాట. పులిరాజాకొక యిల్లాలుండునేమో, ఆమె గతి యేమో యని నే జూచిన గోడ యేదియు నడుగలేదు.

ఆదిపర్వమందలి పరీక్షిన్మహారాజు కథ మీరెరిగినదే. ఒంటిస్తంభపు మేడ కట్టించుకొని, విషవైద్యులను కావలియుంచుకొని కూర్చున్నను, తక్షకుడు పండులోని పురుగై లోనికి వచ్చెను. గడప దాటని గృహిణికి ఈ వ్యాధి వచ్చునదియు నట్లే. ఆమె చేసిన తప్పేమియు నుండదు, నమ్మినచేతినుండియే వచ్చును. అయినను భర్త మరణించిన పిమ్మట అత్తవారు మొదట ననుమాట “నీవు వచ్చినతర్వాతనే” యని.

ఈ నిందకు మన దేశమున వయస్సు చాల కలదు. 1981లో అమెరికాలో ఈ వ్యాధిని మొదట గుర్తించిరి. 1983లో పారిసు నగరమున దీనికి కారణమగు క్రిమిని కనుగొన్నవారిలో ఫ్రాన్స్వాజ్ బారే-సినూసి యను స్త్రీ యొకతె. 2008లో ఆమెకు నోబెలు బహుమానము వచ్చినది. 1986లో మద్రాసు వైద్యకళాశాలలో డాక్టరు సునీతి సాలమన్ గారును, ఆమెవద్ద చదువుచున్న నిర్మలగారును మన దేశమున నీ వ్యాధి గలదని మొదట రుజువు చేసిరి. నిర్మలగారు సేకరించిన రక్తపు నమూనాలను దాచుటకు వేరు వసతి లేక, తన యింటి ఫ్రిజ్జులోనే యుంచి, పిమ్మట రైలులో వేలూరు ఆసుపత్రికి దీసికొనిపోయిరట. కూరలును పాలును ఉంచుకొను చోట నవి యుంచిన యామె ధైర్యమును దలచినప్పుడెల్ల నాకాశ్చర్యము గలుగును. ఆ నమూనాలు ప్రభుత్వ సంరక్షణగృహములోని స్త్రీలవి. దోషము తేలినది స్త్రీలయందు. కావున స్త్రీలే కారణమని లోకమనెను. వారికది యెవరివలన వచ్చెనని యడిగినవారు తక్కువ.

మా మొదటి సభలో నొక పెద్దమనిషి కపాలము బొమ్మ వేసిన పటమును దెచ్చి, ఊరేగింపులో దీనిని ముందు మోయింతమనెను. భయపెట్టినగాని జనులు వినరని యాయన మతము. అప్పుడు నాకొక పాతసంగతి జ్ఞప్తికి వచ్చి నోరు పెగలలేదు. అది యిక్కడ జెప్పవలెను.

నేను కాపురమునకు వచ్చిన క్రొత్తలో మా వీథిలో నొక చిన్నది యుండెడిది. భర్త లారీ నడుపుచు, ఈ వ్యాధితో గతించెను. ఆమెకును వ్యాధి గలదని యూరంతయు నెరుగును; ఎవరు వెల్లడించిరో తెలియదు. ఆమె మాకు అప్పడములు చేసియిచ్చుటకు వచ్చినప్పుడు నేను కాఫీ యిచ్చుచుంటిని. దయగలదాననని నాలో నేను సంతసించుచుంటిని గూడ. కాని యా గ్లాసు వేరు. దానిని పెరటి గోడమీద బోర్లించి యుంచుదానను. ఆమెయే కడిగి మరల నక్కడ పెట్టి పోయెడిది. ఒక్కనాడును నన్నేమియు ననలేదు. నన్ను భయపెట్టినదట్టి కపాలపు బొమ్మయే.

గ్లాసువలన ఈ క్రిమి సోకదు. ఒక్క కంచమున భుజించినను, చేయి పట్టుకొన్నను, బిడ్డను ముద్దాడినను, దోమ కుట్టినను సోకదు. సోకినవారితో రక్షణ లేని సంపర్కమువలనను, పరీక్షింపని రక్తమెక్కించుటవలనను, ఒకరికి వాడిన సూదిని మరియొకరికి వాడుటవలనను, తల్లినుండి బిడ్డకును సోకును. నిరోధ్ తొడుగు వాడుట మంచి రక్షణ. ఈ నాలుగు వాక్యములు నాకప్పుడు ఎవరైన జెప్పియుండిన బాగుండెడిది.

ఇప్పటి స్థితి వేరు. 2004 ఏప్రిలు మొదలు ప్రభుత్వమువారు మందులుచితముగా నిచ్చుచున్నారు. నేడు చాలమందికి దినమునకొక్క మాత్ర చాలును. కాని జీవితాంతము మానక వేసికొనవలెను. అట్లు వేసికొనగా రక్తములోని క్రిమి పరీక్షకందనంత తగ్గి, అట్లే నిలిచినచో, దాంపత్యమువలన రెండవవారికి సోకదని వైద్యులు నిశ్చయించియున్నారు. గర్భిణుల విషయము మరింత ముఖ్యము. చికిత్స లేనిచో నూరుగురు బిడ్డలలో 15 మొదలు 45 మంది వరకు తల్లినుండి సోకవచ్చును. తల్లి వేళకు మందు పుచ్చుకొని, బిడ్డకును మందుబిందువులు వేసినచో అది 5గురికి లోపుగా దిగును. కావున కడుపుతోనున్న కోడలిని మొదటి నెలలలోనే ఆసుపత్రికి దీసికొనిపోయి, తక్కిన పరీక్షలతో నిదియు చేయింపవలెను. మన దేశమున సుమారు 25 లక్షలమంది ఈ క్రిమితో జీవించుచున్నారని 2023 నాటి లెక్క. మన ఆంధ్రరాష్ట్రమున నించుమించు 3 లక్షలు. ఇందరిలో మన యెరుకవారు లేరనుకొనుట మన యమాయకత్వము.

రెండవ సభలో, వ్యాధిగలవారినొకరిని వేదికపై నిలిపి మాటలాడించిన జనులు కరగుదురని కొందరు చెప్పిరి. ఆ చిన్నది యిప్పుడును మా యూరనే యున్నది. మందులు వాడుచు కుట్టుపనితో సంసారము గడుపుకొనుచున్నది. అడిగివచ్చు పని నామీద బడినది. ఆమె మిషను ఆపి, “నా కూతురు బడికి పోతోందమ్మగారూ. ఇది పదో క్లాసు. దాని స్నేహితురాళ్లు కూడా వస్తారు కదా మీటింగుకి,” అన్నది. నాకు సిగ్గు గలిగినది. మాకును దెలియవలసిన చట్టమొకటి కలదు. 2017లో చేయబడి 2018 సెప్టెంబరులో అమలులోనికి వచ్చిన యా చట్టము ప్రకారము, ఒకరి సమ్మతి లేక పరీక్ష చేయరాదు. వారి సంగతి నితరులకు వెల్లడింపరాదు. ఈ కారణముచే స్త్రీని ఉమ్మడి గృహమునుండి వెడలగొట్టరాదు. ద్వేషము పురికొల్పు ప్రచారము చేసినవారికి మూడు నెలలనుండి రెండేండ్ల వరకు కారాగారము, లక్ష రూపాయలవరకు జరిమానా కలవు. కపాలపు పటము దెచ్చినాయనకు దీనిని చదివి వినిపించితిమి. పటము చుట్టుకొని పోయెను.

అందుచే మా యేర్పాటు మారినది. వేదిక లేదు, ఊరేగింపు లేదు. ఆశా కార్యకర్తలును, డ్వాక్రా సంఘములవారును పదేసిమంది స్త్రీలను అరుగుమీద గూర్చి, మధ్యాహ్నము రెండు గంటలకు, నాట్లు ముగిసిన వారములలో మాటలాడుదురు. మగవారికి వేరుగా బుఱ్ఱకథ. ఎవరును నోటితో ప్రశ్న అడుగనక్కరలేదు. చీటీ వ్రాసి మూతకు చీలికపెట్టిన పసుపుడబ్బాలో వేసిన చాలును. వ్రాయలేనివారికి మొదట బడిపిల్లలచే వ్రాయింపనెంచితిమి గాని, అది బుద్ధిహీనమని వెంటనే తెలిసినది. వారికి 1097 అను టెలిఫోను సంఖ్య నేర్పుచున్నాము. ఖర్చు లేదు, పేరు చెప్పనక్కరలేదు.

మొన్న మా వీథిలో మొదటి కూటము జరిగినది. కుట్టుపని యామెయు వచ్చి, పదిమందిలో నొకతెగా గూర్చున్నది. అందరికిని ఒక్క రీతి గ్లాసులలో కాఫీ యిచ్చితిని. ఆమె గ్లాసు చేతబట్టుకొని క్షణము నావంక జూచి త్రాగినది. లేచి కడుగబోగా నేనే పుచ్చుకొంటిని. డబ్బాలో పదునొకండు చీటీలు వచ్చినవి. ఒకదానిలో, “పెళ్లికి ముందు ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకోవాలని మగపెళ్లివారిని ఎలా అడగడం?” అని యుండెను. చట్టము ప్రకారము బలవంతము చేయరాదు, ఇష్టపడి యిద్దరును చేయించుకొనవచ్చునని నేను చెప్పుచుండగనే, మూలనున్న ముసలమ్మగారు, “జాతకం అడగట్లా? దాంతోపాటే అడగండి. ముందు మీ పిల్లది చూపించి, ఆనక అడగండి,” అనిరి.