గాంధారం దగ్గర వణికే పెట్టె

హార్మోనియం మీద ఒకటో తెల్లమెట్టును స అనుకోండి. దాన్నీ, పైనున్న అంతర గాంధారాన్నీ కలిపి నొక్కి, తిత్తిని నిలకడగా ఆడిస్తూ కాసేపు వినండి. రెండు స్వరాలూ వినిపిస్తాయి. వాటి మీద సన్నటి వణుకు కూడా ఒకటి వినిపిస్తుంది. ఇప్పుడు గ వదిలి ప నొక్కండి. వణుకు దాదాపు ఆగిపోతుంది. పెట్టె పాతబడటం వల్ల వచ్చిన లోపం కాదిది. కొత్త పెట్టె తెచ్చినా అంతే. నిజానికి ఎంత బాగా శ్రుతి చేసిన పెట్టె అయితే ఈ వణుకు అంత కచ్చితంగా లెక్కకు అందుతుంది.

లెక్క ఇదీ. స సెకనుకు 240 సార్లు కంపిస్తోందనుకుందాం. ఏ స్వరమూ ఒంటరిగా మోగదు. 240తో పాటు 480, 720, 960, 1200 కూడా లోలోపల మోగుతుంటాయి. తీగల కింద జీవా దారం బాగా అమర్చిన తంబూరలో ఆ ఐదోదే, 1200, మనం మీటని గాంధారంగా పైన ఎక్కడో వినిపిస్తుంది. దాన్నే స్వయంభూ గాంధారం అంటారు. దాన్ని రెండు స్థాయిలు దించితే 300. అంటే స, గ ల నిష్పత్తి 4:5. గాయకుడి గొంతు తంబూర పక్కన కూర్చుని సహజంగా వెతుక్కునే చోటు అదే. కానీ హార్మోనియం గ 300 దగ్గర ఉండదు, 302.4 దగ్గర ఉంటుంది. దాని నాలుగో రెట్టు 1209 దాటుతుంది. స లోని 1200తో అది ఒరుసుకుంటుంది. సెకనుకు తొమ్మిదిన్నర సార్లు వినిపించే వణుకు ఆ ఒరిపిడే. పంచమానికి ఈ బాధ లేదు. 360 ఉండాల్సింది 359.6 ఉంది. సెకనుకు ఒక్కసారైనా పూర్తిగా ఊగదు.

తెలిసి తెలిసి గాంధారాన్ని తప్పు చోట ఎందుకు పెట్టారు? పంచమంతో మొదలైంది చిక్కు. స నుంచి 3/2 చొప్పున పంచమాలు ఎక్కుతూ పోతే పన్నెండో అడుగులో మళ్ళీ స చేరాలి. ఏడు స్థాయిల పైన ఉన్న స విలువ 128. పన్నెండు పంచమాలు ఎక్కితే వచ్చేది 129.75. మూడును మూడుతో హెచ్చిస్తూ పోతే వచ్చే సంఖ్యలు రెండును రెండుతో హెచ్చిస్తూ పోతే వచ్చేవాటితో ఎప్పటికీ కలవవు, ఎన్ని అడుగులు వేసినా సరే. ఆ మిగులును బాకీలా పన్నెండు పంచమాలకూ సమానంగా పంచేయడమే సమశ్రుతి పద్ధతి. అందులో ప్రతి మెట్టూ ముందుదానికి 1.059463 రెట్లు. మింగ్ రాజకుటుంబానికి చెందిన జు జైయు 1584 ప్రాంతంలోనే ఈ సంఖ్యను చాలా దశాంశాల వరకు గణించాడు. కొద్దికాలానికే యూరప్‌లో సైమన్ స్టెవిన్ కూడా ఆ దారినే పోయాడు. పంచమాల మిగులు పంచారు గానీ గాంధారాన్ని ఎవరూ అడగలేదు. స్థాయికి 1200 సెంట్లని కొలిస్తే పంచమం 2 సెంట్లు తగ్గింది, గాంధారం 14 సెంట్లు పెరిగింది.

పియానోలో ఈ పద్నాలుగూ పెద్దగా పట్టుబడవు. సుత్తి దెబ్బ పడగానే నాదం తగ్గడం మొదలవుతుంది, చెవికి తీర్పు చెప్పే తీరిక ఉండదు. హార్మోనియం అలా కాదు. పారిస్‌లో అలెగ్జాండర్ డెబైన్ 1842లో పేటెంటు తీసుకున్న ఈ పెట్టెలో, ఇత్తడి రీడు గాలి ఉన్నంతసేపూ ఒకే బలంతో మోగుతుంది. దాని నాదంలో పై రెట్లు దండిగా ఉంటాయి. తప్పు ఎక్కడున్నా బయటపెట్టే వాద్యం అది. అందుకే శుద్ధస్వరాల కోసం తపించిన శాస్త్రవేత్తలు కూడా దీన్నే ఎంచుకున్నారు. జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ స్థాయికి 24 స్వరాల హార్మోనియం చేయించుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్ పండితుడు బోసంకే 1870లలో స్థాయిని 53 సమభాగాలు చేసి, స్థాయికి 84 మెట్లున్న హార్మోనియం కట్టించాడు. 53 గాలికి పుట్టిన సంఖ్య కాదు. 53 పంచమాలు ఎక్కితే 31 స్థాయిలకు వెంట్రుకవాసి దూరంలో ఆగుతాయి. చైనాలో జింగ్ ఫాంగ్ క్రీస్తుపూర్వమే గమనించిన సంగతి ఇది. ఆ లెక్కలో పంచమం తేడా సెంటులో పదోవంతు కూడా ఉండదు, గాంధారం తేడా ఒకటిన్నర సెంటు లోపే. లెక్క అద్భుతం. ఆ మెట్ల మీద వేళ్ళు ఎలా ఆడించాలన్నదే సమస్య.

బోసంకే అక్కడితో ఆగలేదు. 1877లో హిందూ సంగీతపు 22 శ్రుతుల మీద కూడా ఒక పత్రం రాశాడు. స్థాయిని నిజంగానే 22 సమభాగాలు చేస్తే గాంధారం తేడా 14 నుంచి నాలుగున్నర సెంట్లకు తగ్గుతుంది. పంచమం మాత్రం 7 సెంట్లు చెడుతుంది. తంబూర పంచమం ముందు ఆ ఏడు ఎవరూ భరించలేరు. అయినా మన శ్రుతులు సమభాగాలని ఎవరన్నారు?

ఈలోగా పెట్టె కలకత్తా చేరింది. కాళ్ళతో తొక్కే ఫ్రెంచి హార్మోనియాన్ని అక్కడి వాద్యాల తయారీదారు ద్వారకానాథ్ ఘోష్ నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఆడించే పెట్టెగా మార్చాడు. చవకైనది, మోసుకుపోవచ్చు, ఎండకీ వానకీ శ్రుతి అంత తొందరగా జారదు. దేశమంతా పాకింది. తిట్లు కూడా వెంటే వచ్చాయి. ఢిల్లీ రేడియోలో పనిచేసిన ఇంగ్లీషు స్వరకర్త జాన్ ఫోల్డ్స్ దీన్ని ఎద్దేవా చేస్తూ వ్యాసం రాశాడు. శాంతినికేతనంలోకి దీన్ని రానివ్వని ఠాగూరు రేడియో నుంచి కూడా తీసేయమని కోరాడు. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు.

ఆ తిట్లలో రెండు వేర్వేరు నేరాలు కలిసిపోయాయని నాకనిపిస్తుంది. గమకం పలకదన్నది మొదటిది. అది నిజం, దానికి మందు లేదు. స్వరస్థానాలు తప్పన్నది రెండోది. దానికి ఆకురాయి చాలు. రీడు కొస దగ్గర కాస్త గీరితే బరువు తగ్గి శ్రుతి పెరుగుతుంది. మొదలు దగ్గర, అంటే బిగించిన చోట, గీరితే బిగువు తగ్గి శ్రుతి దిగుతుంది. 302.4ను 300కు దించడం చేయి తిరిగిన పనివాడికి ఎంతసేపు? వణుకు పూర్తిగా ఆగేదాకా గీరి వింటే సరి, యంత్రం కూడా అక్కర్లేదు.

మరి అందరూ అలా ఎందుకు చేయించుకోరు? ఒకటి శ్రుతికి శంకరాభరణం మెట్లన్నీ శుద్ధంగా గీరించామనుకుందాం. రి 270, గ 300, మ 320, ప 360, ద 400, ని 450. చక్కగా మోగుతాయి. ఇప్పుడు రెండు శ్రుతి గాయకుడు వచ్చాడు. అతని స మన రి, 270. దానికి పంచమం 405 కావాలి. పెట్టెలో ఆ మెట్టు మన ద, 400. పంచమమే సెకనుకు పదిసార్లు వణికితే పాట సాగదు. ఈ 405కీ 400కీ ఉన్న 81:80 తేడానే ప్రమాణశ్రుతి అని చాలామంది పండితులు లెక్కగడతారు.

యూరప్‌కు సమశ్రుతి కావలసింది పాట మధ్యలో శ్రుతి మారే వాళ్ళ సంగీతం కోసం. మన పాటలో స కదలదు కాబట్టి మనకది అనవసరమని వాదించేవాళ్ళున్నారు. కచేరీ వరకు ఒప్పుకోవచ్చు. పద్యనాటకం సంగతి? కృష్ణుడు నాలుగు శ్రుతిలో ఎత్తుకుంటాడు. అర్జునుడి గొంతుకు మూడే పట్టొచ్చు. సత్యభామకు మరొకటి. తెల్లవార్లూ ఒకే పెట్టె, ఒకే వాద్యకారుడు. ‘వన్స్‌మోర్’ అని జనం అరిచేలోగా శ్రుతి మార్చి అందించాలి. అలాంటి చోట అందరికీ సమానంగా కొద్దికొద్దిగా తప్పిన పెట్టే పనికొస్తుంది. పద్యరాగంలో గొంతు ఎటూ గాంధారాన్ని ఊపుతూనే ఉంటుంది, 14 సెంట్లు అందులో కలిసిపోతాయి. రేడియో తలుపేసిన ఆ ముప్పై ఏళ్ళూ నాటకాల వేదికల మీద పెట్టె మోగుతూనే ఉంది. నాటకాల వాళ్ళే కాదు, తక్కిన గాయకులు కూడా తమ గొంతు కొలతను ‘ఒకటిన్నర’, ‘ఐదున్నర’ అంటూ దాని మెట్ల లెక్కనే చెప్పుకున్నారు.

22 శ్రుతులనూ పెట్టెలో ఇమిడ్చే ప్రయత్నాలూ జరిగాయి. డిప్యూటీ కలెక్టరుగా రిటైరైన కె.బి. దేవల్, జడ్జి ఎర్నెస్ట్ క్లెమెంట్స్ కలిసి 1910ల మొదట్లో లండన్‌లో శ్రుతి హార్మోనియం చేయించారు. 1916 బరోడా సంగీత సమ్మేళనంలో దాని మీద పెద్ద వాదమే నడిచింది. నిష్పత్తులు ఎంత సరిగ్గా ఉన్నా, గాయకుడు ఆ రాగంలో అదే చోట నిలబడతాడన్న పూచీ ఎవరిస్తారు?

ఇప్పుడు పెట్టె కొనబోయేవాళ్ళకు ఈ పాత తగాదా దుకాణంలోనే ఎదురవుతుంది. మెట్ల పలకను పక్కకు జరిపి శ్రుతి మార్చుకునే స్కేల్ ఛేంజర్ కావాలంటే సమశ్రుతికే కట్టుబడాలి. పలక జరిగితే అదే మెట్టు కింద వేరే రీడు వస్తుంది గనక. ఒక్క గొంతుకే, ఒక్క శ్రుతికే వాయించుకునేవాళ్ళు మామూలు పెట్టె తీసుకుని, గాంధారాన్ని దింపించుకోవచ్చు. హిందుస్తానీ సోలో వాద్యకారుల్లో కొందరు చేసేది అదే. వాళ్ళ పెట్టె ఇంకొకరికి అరువిస్తే మాత్రం, శ్రుతి కుదరలేదని మర్నాడే తిరిగొస్తుంది.