మన్ను లేని సేద్యము: నీరు, లవణములు

మన్ను లేకయే మొక్కలు పెరుగునని 1860 ప్రాంతమున జర్మను శాస్త్రజ్ఞులు సాక్స్, నాప్ నిరూపించిరి. 1937లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు గెరిక్ ఈ పద్ధతికి ‘హైడ్రోపానిక్స్’ అను పేరును ప్రచారములోనికి తెచ్చెను.

నేల తల్లి వంటిది. ఎరువు హెచ్చినను, నీరు చెడినను కొంత తాను భరించి మొక్కను కాపాడును. నీటితొట్టిలో ఆ రక్షణ లేదు. దోషము నేరుగా వేరును తాకును. కావున నారు నాటుటకు ముందే నీటిని పరీక్షింపవలెను.

మన బావినీరు పెక్కుచోట్ల కఠినజలము. అందలి బైకార్బొనేటులు ద్రావణమును క్షారముగా మార్చును. అప్పుడు ఇనుము ఉండియు కరగక అడుగున చేరును. లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రము ఆకుపచ్చగా నిలుచును. ఇది చూచి మరింత ఇనుము వేయుట వ్యర్థము. పి.హెచ్. 5.5, 6.5ల నడుమ ఉండునట్లు సవరింపవలెను. ఉప్పునీటికి మాత్రము మందు లేదు. వాననీరు కలిపి పలుచన చేయుట ఒక మార్గము.

లవణములను కలుపుటలోను క్రమము గలదు. చిక్కని కాల్షియం నైట్రేటు ద్రావణమును సల్ఫేటులతోను, ఫాస్ఫేటులతోను నేరుగా కలిపినచో తెల్లని మడ్డి యేర్పడి, పోషకము మొక్కకు దక్కదు. రెండింటిని వేరువేరు పాత్రలలో నుంచి, తొట్టినిండ నీరు పోసిన పిమ్మట ఒకదాని తరువాత ఒకటి కలుపవలెను.

వేసవిలో మొక్క లవణములకంటె నీటినే హెచ్చుగా త్రాగును. మిగిలిన ద్రావణము చిక్కనగును. అప్పుడు ఎరువు గాక వట్టినీరు పోయవలెను. రెండు వారముల కొకసారి ద్రావణమును పూర్తిగా మార్చుట మేలు. తీసివేసిన నీటిని పారబోయక పెరటిచెట్లకు పోయుడు. నేల దానిని వృథా కానీయదు.